ఆటోఇమ్యూన్ జబ్బు అని తేలాక మనసుని ఎలా నిలబెట్టుకోవాలి: రుమటాయిడ్ కొత్తగా వచ్చినవాళ్ళకి స్టెప్ బై స్టెప్

"అక్కా, రిపోర్ట్ వచ్చింది, యాంటీ సీసీపీ పాజిటివ్ అంట, రుమటాయిడ్ అన్నారు, మందులు మొదలెట్టా గానీ ఏడుపు ఆగట్లేదు, ఏం చెయ్యాలి?" ఇదే మెసేజ్, పేర్లు మారి ఊళ్ళు మారి వస్తూనే ఉంటుంది నాకు (యాంటీ సీసీపీ అంటే ఈ జబ్బుని పట్టిచ్చే రక్తపరీక్ష). మందుల గురించైతే మీ డాక్టర్ని అడగమని చెప్పేస్తా, కానీ ఈ ఏడుపు సంగతి డాక్టర్ దగ్గర ఎవరూ ఎత్తరు, ఇంట్లో ఎత్తితే "అందరికీ ఏదో ఒకటి ఉంటుందిలే" అంటారు, అందుకని ఒక్కొక్కరికీ విడిగా టైప్ చేసే బదులు (వేళ్ళు కూడా ఒప్పుకోవు) అంతా ఒకచోట రాసి పెడుతున్నా.

నేను డాక్టర్ని కాదు, పేషెంట్ని. నాకున్నది రుమటాయిడ్ ఆర్థ్రైటిస్, అంటే ఒంటిని కాపాడాల్సిన ఇమ్యూనిటీయే పొరపాటున సొంత కీళ్ళ మీద దాడి చేసే ఆటోఇమ్యూన్ జబ్బు, కాబట్టి ఉదాహరణలన్నీ దానివే. ల్యూపస్, షోగ్రెన్, సోరియాటిక్ ఆర్థ్రైటిస్, హషిమోటో లాంటి వేరే ఆటోఇమ్యూన్ జబ్బులున్నవాళ్ళకి కూడా చాలావరకు పనికొస్తుంది, మందుల పేర్లు మాత్రం మీవి మీరు చూస్కోండి.

మొదలెట్టే ముందు ఒక్క మాట. మనం "డిప్రెషన్‌గా ఉంది" అని ఒక్క ముక్కలో అనేసేది నిజానికి నాలుగు చోట్ల నుంచి వస్తుంది: ఒంట్లో నొప్పీ నీరసం, వేసుకునే మందులు, చుట్టూ ఉన్న మనుషులు, రేపేమవుతుందో అన్న భయం. నాలుగింటికీ విరుగుడు వేరు. స్టెరాయిడ్ తెచ్చిన చిరాకు ధ్యానం చేస్తే పోదు, ఆడపడుచు మాటకి వచ్చిన బాధ డోసు పెంచితే పోదు. ఏది ఎక్కడి నుంచి వస్తోందో విడదీసుకోవడమే సగం పని, కింద రాసిన స్టెప్పులన్నీ దాని కోసమే.

కావాల్సినవి

- ఒక లాంగ్ నోట్‌బుక్. వేళ్ళు వాచి పెన్ను పట్టుకోలేకపోతే ఫోన్లో వాయిస్ రికార్డర్ చాలు.
- రిపోర్టులు పెట్టుకోడానికి ప్లాస్టిక్ పౌచ్‌లున్న ఫైల్.
- సలహాలు ఇవ్వకుండా పని చేసిపెట్టే మనిషి ఒక్కరు. అమ్మ కావచ్చు, మొగుడు కావచ్చు, పక్క ఫ్లాట్ ఆవిడ కావచ్చు. సలహాలిచ్చేవాళ్ళు ఎలాగూ దొరుకుతారు, వెతకక్కర్లేదు.
- రెండు ఫోన్ నంబర్లు సేవ్ చేసి ఉంచుకోండి: మీ రుమటాలజిస్ట్ (ఈ జబ్బు చూసే డాక్టర్) క్లినిక్‌ది, మనసు బాలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416.
- కనీసం మూడు నెలల టైం.

అక్కర్లేనివి: మోటివేషన్ వీడియోలు, "పాజిటివ్‌గా ఆలోచించు" అనే స్టేటస్‌లు. ఇష్టమైతే చూడండి, కానీ ఏడుపొచ్చినప్పుడల్లా "నేను పాజిటివ్‌గా లేను" అని ఇంకో తప్పు నెత్తిన వేసుకోకండి.

1. మొదటి రెండు వారాలు పెద్ద నిర్ణయాలేవీ వద్దు

జాబ్ రిజైన్ చెయ్యడం, కుదిరిన సంబంధం వద్దనడం, "నేను పోతే పిల్లలేమైపోతారు" అని రాత్రికి రాత్రి పొలం ఎవరి పేరునో రాసేయడం, ఇవన్నీ వాయిదా. రుమటాయిడ్ గంటల్లో ముంచుకొచ్చే జబ్బు కాదు, మందు మాత్రం ఆలస్యం లేకుండా మొదలెట్టాలి, మిగతావన్నీ ఆగుతాయి.

ఈ రెండు వారాల్లో అందరూ చేసే పని గూగుల్. వద్దన్నా చేస్తారు కాబట్టి ఎలా చెయ్యాలో చెప్తా. రోజుకి ఒక్కసారి, పగలు, పావుగంట. రాత్రి పడుకునే ముందు అస్సలొద్దు. ఫొటోలు చూడకండి. వేళ్ళు వంకర తిరిగి, మణికట్టు ఒరిగిపోయి కనిపించే ఫొటోలు చాలావరకు ఏళ్ళ తరబడి సరైన ట్రీట్‌మెంట్ దొరకనివాళ్ళవి. మనలో ఎక్కువమందికి మొదట రాసే మందు మెథోట్రెక్సేట్‌కి రుమటాయిడ్ కోసం అమెరికాలో అప్రూవల్ వచ్చింది 1988లో, బయొలాజిక్స్ అనే ఇంజెక్షన్లు 1998 నుంచి మొదలయ్యాయి. మీ నాయనమ్మకో ఎవరికో చేతులు అలా అయ్యుంటే, ఆవిడ కాలంలో ఇవేవీ లేవు, ఆవిడ చేతులు చూసి మీ చేతుల భవిష్యత్తు చెప్పుకోవద్దు.

చదువుతుంటే వచ్చిన ప్రతి డౌటూ నోట్‌బుక్ చివరి పేజీలో రాసి పెట్టండి. రాసిన ప్రశ్న డాక్టర్ దగ్గరికి వెళ్తుంది, రాయనిది రాత్రి రెండింటికి మీ దగ్గరికే వస్తుంది.

2. నోట్‌బుక్‌లో నాలుగు గడులు గీయండి

పేజీని నిలువుగా నాలుగు భాగాలు చేసి పైన రాయండి: ఒళ్ళు, మందు, మనుషులు, భయం. రోజూ రాత్రి రెండు నిమిషాలు. వ్యాసం రాయక్కర్లేదు, ఒక్కో గడిలో అరముక్క చాలు, ఏమీ లేకపోతే ఖాళీగా వదిలెయ్యండి. ఎడమ పక్కన తేదీ, ఆ రోజు మూడ్‌కి పదికి ఎన్ని మార్కులో ఒక అంకె.

నా పుస్తకంలోంచి ఒక రోజుది ఉన్నదున్నట్టు చెప్తా. ఒళ్ళు: "జాకెట్టు హుక్స్ పెట్టుకోలేకపోయా, గంటన్నర బిగుసుకుపోయింది." మందు: "నిన్న రాత్రి మెథో, పొద్దున్నించి వికారం." మనుషులు: "పాలబ్బాయి ముందు గిన్నె జారింది, నవ్వాడు." భయం: ఖాళీ. మూడ్ 3. ఆ రోజు నన్నడిగితే "నా బతుకే ఇంతే" అని చెప్పేదాన్ని, రాసి చూస్తే భయం గడి ఖాళీ, ఉన్నదంతా మెథో మర్నాటి వికారం, హుక్స్, ఒక పాలగిన్నె. హుక్స్‌కి మార్గముంది, ముందువైపు హుక్స్ పెట్టించుకోవడం, లేదా వెల్క్రో వేయించుకోవడం, టైలర్‌కి చెప్తే పాతవాటికి కూడా మార్చి ఇస్తాడు.

మూడు నాలుగు వారాలు రాశాక ఇలా చదవండి:

మూడ్ తక్కువున్న రోజులు వారంలో ఒకే రోజు పడుతున్నాయా? అది మెథోట్రెక్సేట్ మర్నాడైతే సంగతి డాక్టర్‌కి చెప్పండి, దానితో పాటు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ విటమిన్ డోసు మార్చడమో, మాత్ర బదులు ఇంజెక్షనో, వేరే దారి ఉంటుంది. లేదా మందు రోజుని శనివారం రాత్రికి మార్చమని అడగండి, ఆదివారం ఇంట్లో పడుకునే వీలుంటుంది.

స్టెరాయిడ్ మొదలెట్టినప్పుడో పెంచినప్పుడో నిద్ర పోయి, ఊరికే కోపం వచ్చి, పిల్లల్ని అరిచేసి ఆ తర్వాత ఏడుస్తున్నారా? అది మీ గుణం మారిపోవడం కాదు, ప్రెడ్నిసొలోన్‌కి అది తెలిసిన సైడ్ ఎఫెక్ట్, డోసు ఎక్కువయ్యేకొద్దీ ఎక్కువ, రోజుకి 40 ఎంజీ దాటితే మరీను. సాయంత్రం వేసుకుంటుంటే పొద్దున టిఫిన్ తర్వాతకి మార్చొచ్చా అని అడగండి, నిద్ర దగ్గరే సగం తేడా తెలుస్తుంది.

జాగ్రత్త: చిరాకు దీనివల్లే అని తెలిసిందని స్టెరాయిడ్ మీ అంతట మీరు ఆపెయ్యకండి. కొన్ని వారాలు వాడాక ఒంట్లో సొంత స్టెరాయిడ్ తయారీ తగ్గిపోయి ఉంటుంది, ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదకి వస్తుంది. తగ్గించడం ఎప్పుడూ డాక్టర్ చెప్పిన మెట్ల ప్రకారమే.

3. డాక్టర్‌కి మనసు సంగతి కూడా చెప్పండి, మూడు లైన్లలో

ఓపీలో మనకి దొరికేది అయిదు పది నిమిషాలు, బయట వరండా నిండా జనం, లోపలికెళ్ళగానే "ఎలా ఉంది?" అంటే "పర్లేదండి" అని వచ్చేస్తాం. అందుకని ముందే చీటీ మీద మూడు లైన్లు రాసుకెళ్ళి చదివెయ్యండి, సిగ్గు పడొద్దు:

"పొద్దున ఇంతసేపు బిగుసుకుపోతోంది. నెల రోజులుగా మనసు బాలేదు, వారంలో ఇన్ని రోజులు ఏడుపొస్తోంది, నిద్ర ఇన్ని గంటలు. ఇది మందువల్లా, జబ్బువల్లా, ఇంకేమైనా టెస్ట్ చేయించాలా?"

ఈ చివరి ప్రశ్న ముఖ్యం. హిమోగ్లోబిన్ తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా, బి12 తక్కువున్నా అచ్చం డిప్రెషన్ లాగే నీరసం, దిగులు ఉంటాయి, ఆటోఇమ్యూన్ జబ్బు ఒకటున్నవాళ్ళకి థైరాయిడ్ కూడా తోడవడం మామూలే. చిన్న రక్తపరీక్షతో తేలిపోయే దానికి ఏడాదిపాటు "నా మనసు బలహీనం" అని తిట్టుకోవడం ఎందుకు.

ఇంకోటి అడిగి తెలుసుకోవాల్సింది: "ఈ మందు పని చెయ్యడం ఎప్పుడు తెలుస్తుంది?" మెథోట్రెక్సేట్‌కి 6 నుంచి 12 వారాలు పడుతుంది, హైడ్రాక్సీక్లోరోక్విన్‌కి రెండు మూడు నెలలు, కొందరికి ఇంకా ఎక్కువ. ఇది తెలియక మూడో వారంలోనే "నాకు మందు కూడా పని చెయ్యట్లేదు" అని కుప్పకూలిపోయేవాళ్ళు ఎంతమందో. డాక్టర్ చెప్పిన తేదీని కాలెండర్ మీద గుండ్రంగా చుట్టి పెట్టుకోండి, ఆ తేదీ దాకా మందు మీద తీర్పు చెప్పొద్దు.

జాగ్రత్త: మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. రోజూ వేసుకుని ప్రాణం మీదకి తెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు, దిగులుగా ఉన్నప్పుడు ధ్యాస సరిగ్గా ఉండదు కాబట్టి మరీ చెప్తున్నా. స్ట్రిప్ మీద మార్కర్‌తో వారం పేరు రాయండి, వేసుకోగానే కాలెండర్‌లో టిక్ పెట్టండి.

4. చేతకాని పనుల లిస్టు రాయండి, రాసి మూడు కుప్పలు చెయ్యండి

ఈ స్టెప్ దగ్గర ఏడుపొస్తుంది, రానివ్వండి. ఇదివరకు చేసి ఇప్పుడు చెయ్యలేనివన్నీ రాయండి. చపాతీ పిండి కలపడం, తడి దుప్పటి పిండటం, ఆవకాయ జాడీ మూత తియ్యడం, ముగ్గు వెయ్యడం, పిల్లని ఎత్తుకోవడం, బైక్ క్లచ్ పట్టడం. "జబ్బు" అన్న మాట కన్నా ఈ చిన్నచిన్నవే ఎక్కువ గుచ్చుతాయి, ఎందుకంటే రోజూ ఎదురొస్తాయి.

తర్వాత ఒక్కోదాన్ని ఇలా వేరు చెయ్యండి: మార్చి చేసేవి, ఇంకొకరికి అప్పజెప్పేవి, మానేసేవి. జాడీ మూత తియ్యడం మార్చుకోవచ్చు, నెలకి సరిపడా ఆవకాయ చిన్న స్టీలు డబ్బాలోకి ఎవరిచేతైనా తీయించి పెట్టుకుంటే చాలు. దుప్పట్లు పిండటం అప్పజెప్పేది. పొద్దున అయిదింటికి లేచి వాకిలి కడగడం మానేసేది, కొంప మునగదు. పొద్దున బిగుతు ఎక్కువ కాబట్టి చేతి పని ఉన్నవన్నీ పదింటి తర్వాతకి నెట్టండి, కూరగాయలు ముందురోజు సాయంత్రం తరిగి పెట్టుకోండి, లేవగానే వేడి నీళ్ళలో చేతులు పెట్టి పది నిమిషాలు మెల్లగా ముడిచి తెరవండి.

ఇక్కడ అందరం పడే గోతి ఒకటుంది. ఒకరోజు పొద్దున్నే లేచేసరికి నొప్పి లేదు, చేతులు తేలిగ్గా ఉన్నాయి, అంతే, ఇల్లు దులపడం, బీరువా సర్దడం, మినప్పప్పు రుబ్బి గారెలు, పెండింగ్‌లో ఉన్నవన్నీ ఆ ఒక్కరోజే. సంక్రాంతి ముందు మరీను. ఆ తర్వాత మూడు రోజులు మంచం మీద, "చూశావా, నా వల్ల ఏదీ కాదు" అని ఏడుపు. మంచిరోజున చెయ్యాల్సింది మధ్యస్తంగా ఉన్న రోజున చేసేదానికన్నా ఒక్క పని ఎక్కువ, అంతే. మిగిలిన ఓపికతో సినిమా చూడండి, ఎవరింటికైనా వెళ్ళండి, మంచిరోజుని పూర్తిగా చాకిరీకే ఇచ్చెయ్యకండి.

మగవాళ్ళకి ఇక్కడో మాట. ఈ జబ్బు ఆడవాళ్ళకి రెండు మూడు రెట్లు ఎక్కువొస్తుంది గానీ మగవాళ్ళకీ వస్తుంది, ఆఫీసులో సిలిండర్ సైజు వాటర్ క్యాన్ ఎత్తమన్నప్పుడు ఎత్తలేనని చెప్పడం వాళ్ళకి ఇంకా కష్టం. "చేతికి జాయింట్ ప్రాబ్లం, డాక్టర్ బరువులెత్తొద్దన్నారు", ఇంత చాలు, ఇంకేమీ వివరించక్కర్లేదు.

5. మనుషుల కోసం రెడీమేడ్ జవాబులు పెట్టుకోండి

మనుషుల గడి రోజూ నిండుతోందంటే ఈ స్టెప్ మీకే. ప్రతిసారీ కొత్తగా నొచ్చుకుని, కొత్తగా వివరణ ఇచ్చి, కొత్తగా అలిసిపోవడం దండగ. అనే మాటలు పదో పన్నెండో, అవే తిరుగుతుంటాయి. జవాబులు ముందే తయారుచేసి ఫోన్లో నోట్స్‌లో పెట్టుకుని రెండుసార్లు బయటికి చదవండి, నోరు అలవాటు పడాలి.

"ఈ వయసుకే కీళ్ళ నొప్పులేంటే?" – "ఇది వయసుతో వచ్చేది కాదు పిన్నీ, ఇమ్యూనిటీలో తేడా, మందులు వాడుతున్నా. నీ షుగర్ ఎలా ఉంది?" (ప్రశ్నతో ముగించండి, వాళ్ళ షుగర్ మీదకి వెళ్ళిపోతారు.)

"పైకి బాగానే ఉన్నావుగా!" – "అవునత్తయ్యా, మందుల పుణ్యం."

"ఆ ఇంగ్లీషు మందులు మానెయ్, మా తోటికోడలికి ఫలానా ఊళ్ళో పొడి ఇస్తే నెలలో తగ్గింది." – "మా డాక్టర్ని అడిగి చెప్తానక్కా." ఇక అడగక్కర్లేదు, చెప్పక్కర్లేదు. అయితే ఇది మాత్రం గుర్తుంచుకోండి, లేబుల్ లేని పొడులు, మాత్రలు కొన్నింట్లో స్టెరాయిడ్ కలిపి ఇస్తారు, అందుకే వారంలో మాయలా తగ్గుతుంది, ఆపగానే రెట్టింపై కూర్చుంటుంది. కొన్నింట్లో సీసం, పాదరసం లాంటివి కూడా దొరికాయి.

"గ్రహాలు బాలేవు, శాంతి చేయించండి." – నమ్మకం ఉంటే చేయించుకోండి, నాకేం అభ్యంతరం లేదు, మందు మానకుండా చేయించుకోండి. ఉపవాసాల సంగతి మాత్రం జాగ్రత్త, కార్తీక సోమవారం అని ఖాళీ కడుపున నొప్పి బిళ్ళ వేసుకుంటే కడుపులో పుండు పడొచ్చు. డాక్టర్ ఏ మందు తిన్నాక వేసుకోమన్నారో ఆ పూట తిని వేసుకోవాల్సిందే.

అసలు ఎవరికి చెప్పాలి, ఎంత చెప్పాలి? ఇంట్లో రోజూ చూసేవాళ్ళకి పూర్తిగా చెప్పండి, వీలైతే ఒకసారి డాక్టర్ దగ్గరికి వెంట తీస్కెళ్ళండి, మన నోటితో పదిసార్లు చెప్పినదానికన్నా డాక్టర్ ఒక్కసారి అన్నది వాళ్ళకి ఎక్కుతుంది. చుట్టాలకి ఒక్క వాక్యం. ఆఫీసులో మేనేజర్‌కి పని మీద ఎంత ప్రభావం ఉందో అంతవరకే, జబ్బు పేరుతో సహా చెప్పాలా వద్దా మీ ఇష్టం. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు, అంతే, దానికి కారణం చెప్పక్కర్లేదనుకుంటా.

పెళ్ళి కావాల్సిన అమ్మాయిల తల్లిదండ్రులు "ఎవరికీ చెప్పొద్దు, సంబంధాలు రావు" అంటారు. వాళ్ళ భయం ఉత్తదని నేననను. కానీ దాచి చేసిన పెళ్ళిలో ఆ పిల్ల ప్రతి వారం మాత్ర దొంగతనంగా మింగాలి, చాలామంది చివరికి మింగడమే మానేస్తారు, జబ్బు ముదిరేది అక్కడే. పెళ్ళిచూపుల్లో చెప్పక్కర్లేదు, తాంబూలాలు పుచ్చుకునే లోపు అబ్బాయికి నేరుగా చెప్పడం మంచిదని నా అభిప్రాయం.

పిల్లల సంగతి అందరూ అడుగుతారు కాబట్టి: రుమటాయిడ్ ఉన్నవాళ్ళు పిల్లల్ని కంటున్నారు, మామూలుగానే కంటున్నారు. మెథోట్రెక్సేట్ గర్భంలో అస్సలు పనికిరాదు, ముందే ఆపాలి, ఎన్నాళ్ళు ముందన్నది డాక్టర్ చెప్తారు, అందుకే ప్లాన్ చేసుకోవాలి. "ఆలోచన ఉంది" అని ఏడాది ముందే చెప్తే మందులు ఆ లెక్కలో మారుస్తారు. పిల్లలకి వస్తుందా అంటే, వచ్చే అవకాశం మిగతావాళ్ళకన్నా కొంచెం ఎక్కువ గానీ ఎక్కువమంది పిల్లలకి రాదు. మన అమ్మల సంగతి వేరే చెప్పాలి, "నా కడుపున పుట్టడం వల్లే దీనికిలా" అని కుమిలిపోతుంటారు, పైకి అనరు, మీరే ఒకసారి కూర్చోబెట్టి నీవల్ల కాదమ్మా అని చెప్పండి.

6. ఫ్లేర్ వచ్చే ముందే ఫ్లేర్ కాగితం రాసుకోండి

మందులు పట్టాక కూడా అప్పుడప్పుడు జబ్బు తిరగబెడుతుంది, దాన్నే ఫ్లేర్ అంటారు. నొప్పి కన్నా "మళ్ళీ మొదటికొచ్చింది" అన్న ఆలోచనే ఎక్కువ కుంగదీస్తుంది. ఆ రోజున బుర్ర పని చెయ్యదు, కాబట్టి బాగున్న రోజున ఒక పేజీ రాసి బీరువా తలుపుకి లోపలివైపు అంటించండి. అందులో ఉండాల్సినవి:

- ఫ్లేర్‌లో ఏ మందు, ఎంత వేసుకోవచ్చో డాక్టర్ చేత రాయించుకున్నది. సొంత వైద్యం కాదు.
- వంట ఎలా: ఇడ్లీ పిండి, పెరుగు, కర్రీ పాయింట్ నంబర్. ఆ రెండు రోజులు అన్నం మాత్రం కుక్కర్లో పెట్టుకుంటే చాలు.
- పిల్లల్ని స్కూల్లో దింపేదెవరు.
- "ఈ వారం ఏ నిర్ణయమూ తీసుకోను, ఎవరికీ పొడుగాటి మెసేజ్ పెట్టను" అని మీ చేతిరాతతో ఒక లైను.
- పోయినసారి ఫ్లేర్ ఎప్పుడు మొదలై ఎప్పుడు తగ్గిందో తేదీలు. చదివితే ఇది కూడా తగ్గుతుందని మీ పుస్తకమే చెప్తుంది, ఇంకెవరు చెప్పినా నమ్మబుద్ధి కాదు ఆ టైంలో.

జాగ్రత్త: ప్రతి నొప్పీ ఫ్లేర్ కాదు. ఇమ్యూనిటీ తగ్గించే మందుల మీద ఉన్నప్పుడు జ్వరం వస్తే, ఊపిరి అందకపోతే, కన్ను ఎర్రబడి నొప్పి పెడితే, ఒక్క కీలు మాత్రమే విపరీతంగా వాచి వేడెక్కితే ఆ రోజే డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి.

7. పుస్తకంతో తెగకపోతే మనిషి సాయం తీస్కోండి

ఇది ఎప్పుడో చెప్పడానికి డాక్టర్లు వాడే రెండు ప్రశ్నలున్నాయి. గత రెండు వారాల్లో, ఏ పని మీదా ఆసక్తీ సంతోషం లేకపోవడం ఎన్ని రోజులు? దిగులుగా, నిరాశగా ఉండటం ఎన్ని రోజులు? ఒక్కోదానికి అస్సలు లేకపోతే 0, కొన్ని రోజులైతే 1, సగం రోజులకన్నా ఎక్కువైతే 2, దాదాపు రోజూ అయితే 3. రెండూ కలిపి 3 గానీ ఎక్కువగానీ వస్తే డాక్టర్‌తో మాట్లాడాల్సిందే. ఇదేం అరుదు కాదు, 2013లో చాలా స్టడీలు కలిపి చూసినప్పుడు రుమటాయిడ్ ఉన్నవాళ్ళలో దాదాపు 17 శాతం మందికి మేజర్ డిప్రెషన్ ఉన్నట్టు తేలింది, అంటే రుమటాలజీ ఓపీ బయట బెంచీ మీద ఆరుగురు కూర్చుంటే అందులో ఒకరికి.

ఎక్కడికెళ్ళాలి? సైకియాట్రీ అనగానే హైదరాబాద్ వాళ్ళకి ఎర్రగడ్డ, వైజాగ్ వాళ్ళకి చినవాల్తేరు మెంటల్ హాస్పిటల్స్ గుర్తొచ్చి వెనకడుగేస్తారు. అక్కడికే వెళ్ళక్కర్లేదు, పెద్ద జనరల్ హాస్పిటల్స్‌లో కూడా సైకియాట్రీ ఓపీ ఉంటుంది, మీ రుమటాలజిస్టే రిఫర్ చేస్తారు. ఇంట్లోంచి కదల్లేకపోతే టెలీ మానస్ 14416, సెంట్రల్ గవర్నమెంట్ 2022 అక్టోబర్లో మొదలెట్టింది, 24 గంటలూ, ఫ్రీ, తెలుగులో మాట్లాడొచ్చు. అమెరికాలో ఉన్నవాళ్ళకి 988. చెయ్యగానే ఏం మాట్లాడాలో తెలియకపోతే ఇలా మొదలెట్టండి: "నాకు ఈ మధ్య రుమటాయిడ్ అని తేలింది, అప్పట్నించీ మనసు బాలేదు." మిగతాది వాళ్ళే అడుగుతారు. సైకియాట్రిస్ట్ మందు రాస్తే ఇప్పటికే వాడుతున్న మందుల చీటీ తప్పకుండా చూపించండి.

చచ్చిపోతే బాగుణ్ణు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా రెండు వారాలు లెక్కబెట్టుకుంటూ కూర్చోవద్దు. ఆ పూటే 14416కి చెయ్యండి, ఇంట్లో ఒకరికి చెప్పండి, ఒంటరిగా ఉండొద్దు, మందుల డబ్బా వాళ్ళ చేతికివ్వండి.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

తగ్గింది కదా అని మందు ఆపేయడం. ఇది నంబర్ వన్. మందు వల్ల తగ్గింది, జబ్బు పోయి కాదు. రెండు నెలలకి తిరగబెట్టి వచ్చినప్పుడు నొప్పితో పాటు "చేజేతులా చేసుకున్నా" అన్నది కూడా తోడవుతుంది.

ఈఎస్ఆర్ (ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే రక్తపరీక్ష) పిచ్చి. వారం వారం లాబ్‌కెళ్ళి ఈఎస్ఆర్ చూపించుకుని, నాలుగు పెరిగితే అన్నం మానేసి కూర్చోవడం. రక్తం తక్కువున్నా పెరుగుతుంది, జలుబు చేసినా పెరుగుతుంది, వయసుతో పెరుగుతుంది. డాక్టర్ రాసినప్పుడే చేయించండి, అంకె ఒక్కటే చూసి కుంగిపోవద్దు.

నేను ఏం తినడం వల్ల వచ్చింది, ఏ పాపం చేశాను అని తవ్వుకోవడం. వంకాయా, టమాటా ఒకటొకటిగా మానేసి చివరికి చారన్నం మీద బతుకుతూ నీరసం జబ్బు వల్లే అనుకోవడం కూడా ఇందులోదే. సిగరెట్ మాత్రం నిజంగానే దీన్ని ఎక్కువ చేస్తుంది, మానాల్సింది అది.

పేషెంట్ గ్రూపుల్లో పొద్దస్తమానం ఉండటం. మంచి గ్రూపు దొరికితే ఎంతో ధైర్యం, కాదనను. కానీ బాగున్నవాళ్ళు గ్రూపుల్లో రాయరు, వాళ్ళ పనుల్లో వాళ్ళుంటారు, కాబట్టి అక్కడ కనిపించేది ఎప్పుడూ కష్టాల్లో ఉన్నవాళ్ళే. నోటిఫికేషన్లు ఆపేసి, మీ అంతట మీరు వెళ్ళి చూసేలా పెట్టుకోండి.

పని చేస్తోందో లేదో ఎలా చూస్కోవాలి

నెలకొకసారి, ఒకే తారీఖున, పుస్తకం తీసి చూడండి. నొప్పి పూర్తిగా పోయిందా అని చూడొద్దు, కింది నాలుగూ చూడండి.

మూడ్ అంకెలు 3 కన్నా తక్కువున్న రోజులు పోయిన నెలకన్నా తగ్గాయా. చెడ్డరోజు వస్తే అది ఏ గడిదో ఆ రోజే చెప్పగలుగుతున్నారా, లేక ఇంకా "అంతా నాశనం" అనే అనిపిస్తోందా. ఎవరో ఏదో అంటే ఆ బాధ ఎన్ని రోజులుంటోంది, మూడు రోజులుండేది ఒక పూటకి వస్తే గొప్ప మార్పే. జబ్బుతో సంబంధం లేని పని ఒక్కటైనా నెలలో చేశారా, పాత ఫ్రెండ్‌తో మాట్లాడటమో, కుండీలో కరివేపాకు మొక్క పెట్టడమో, ఏదైనా.

తొమ్మిది ప్రశ్నల డిప్రెషన్ టెస్ట్ ఆన్‌లైన్లో చేసుకునేవాళ్ళు ఒకటి గమనించండి, అందులో నీరసం, నిద్ర, ఆకలి ప్రశ్నలకి మన జబ్బు వల్లే మార్కులు పడిపోతాయి. టోటల్ 10 దాటిందని హడలిపోకుండా, అలాగని కొట్టిపారెయ్యకుండా, ఏ ప్రశ్నలకి ఎంత వచ్చిందో స్క్రీన్‌షాట్ తీసి డాక్టర్‌కి చూపించండి. చివరి ప్రశ్న చచ్చిపోవడం గురించి, దానికి 0 కాకుండా ఇంకేం వచ్చినా పైన 7లో చెప్పిందే, ఆ పూటే.

మూడు నెలలకీ నాలుగింట్లో ఒక్కటీ కదల్లేదంటే మీలో లోపమేమీ లేదు, ఈ పద్ధతి మీకు సరిపోలేదు లేదా మందుల లెక్క కుదర్లేదు. పుస్తకం యథాతథంగా తీస్కెళ్ళి రుమటాలజిస్ట్ టేబుల్ మీద పెట్టండి, కౌన్సెలర్ దగ్గరికి వెళ్తే వాళ్ళకీ అదే చూపించండి. కదిలిందంటే రోజూ రాయడం ఆపెయ్యొచ్చు, మందు మారినప్పుడో ఫ్లేర్ వచ్చినప్పుడో మళ్ళీ ఒక నెల రాస్తే చాలు. ఫైల్లో రిపోర్టులు మాత్రం తేదీల వరసలో పెట్టి ఉంచండి, డాక్టర్ మారినా ఊరు మారినా మొదటి నుంచి మళ్ళీ చెప్పుకోవాల్సిన పని ఉండదు.